కొలంబస్ నుంచి షార్లెట్‌కు ఇంటి బీరు: మనవాళ్ల పిక్నిక్‌కు పగలకుండా ఎట్లా తేవాలి?

కొలంబస్ తమ్ముడు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఒహాయో వచ్చి ఏడు నెలలైంది. రూమ్మేట్ దగ్గర నేర్చుకుని ఇంట్లో బీరు చేస్తున్నా. ఆగస్టులో మన జిల్లా వాళ్లంతా షార్లెట్‌లో కలుస్తున్నారు కదా, చిత్తూరు తోతాపురి గుజ్జు డబ్బాలు వేసి చేసిన గోధుమ బీరు రెండు కేసులు తెద్దామని ఉంది. ఏడు గంటల డ్రైవ్. కుదుపులకు సీసాలు పేలతాయేమోనని టెన్షన్. కొరియర్ చేస్తే నయమా?

పుత్తూరు అన్న:
తమ్ముడూ, సెలవుకొచ్చి తిరుపతిలో ఉన్నా. పొద్దున అలిపిరి తనిఖీలో బ్యాగు తెరిచి చూపించి కొండెక్కాను, దిగొచ్చి ఫోను తీస్తే నీ బీరు ప్రశ్న. స్వామి లీల.

కుదుపులకు మూత బిగించిన సీసా పేలదప్పా. తెరిస్తే నురగ పొంగుతుంది, అంతే. భయపడాల్సింది లోపల మిగిలిన తీపికి. మన పక్క ఈత కల్లు కుండకు ఎవరైనా బిగుతుగా బిరడా కొట్టగా చూశావా? తెల్లారి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది. దారి పొడుగునా పులుస్తూనే వస్తుంది కాబట్టి గాలి పోయే సందు వదులుతారు. నువ్వేమో మూత నొక్కేసి డిక్కీలో పెడుతున్నావు. పులవాల్సిందంతా సీసాలో పోయకముందే పులిసిపోవాలి. హైడ్రోమీటర్ అని, ఇంకా ఎంత తీపి మిగిలిందో అంకెలో చూపే గాజు గొట్టం ఉంటుంది. దాంతో ఈరోజు చూడు, మూడు రోజులాగి మళ్లీ చూడు. అంకె కదలకపోతేనే సీసాల్లోకి. గుజ్జు డబ్బా మీద రాసింది కూడా చదువు, కొన్నిటిలో విడిగా చక్కెర కలుపుతారు. గ్యాస్ కోసం చివర్లో వేసే చక్కెర త్రాసులో తూచి వెయ్యి, చెంచా లెక్క వద్దు.

నా మొదటి ఏడు నేను ఆగలేదు. జూలై ఎండ, డిక్కీలో 24 సీసాలు. వర్జీనియా దాటకముందే వెనక రెండు ఢాం అన్నాయి. మా ఆవిడ టైరు పోయిందనుకుంది. తర్వాత నెల రోజులు ఆ కారెక్కితే బంగారుపాళ్యం మామిడి మండీలో కూర్చున్నట్టే ఉండేది.

రెండో శత్రువు ఎండ. మూసిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి మూతను తోస్తుంది, రుచి తడిసిన అట్టపెట్టెలా తయారవుతుంది. రెండు రోజుల ముందే ఫ్రిజ్‌లో పెట్టు, బయల్దేరేటప్పుడు ఐస్ పెట్టెలోకి మార్చు. గోధుమరంగు సీసాలే వాడు, తెల్ల సీసాల్లో బీరుకు వెలుతురు తగిలితే కంపు కొడుతుంది. సీసాలు నిలబెట్టే ఉంచు, సందుల్లో పాత తువ్వాళ్లు కుక్కు. వెస్ట్ వర్జీనియాలో 77వ నంబరు రోడ్డు కొండల మీదుగా పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డంత మలుపులు లేవు గానీ పెట్టె జరగడానికి అవి చాలు. భోజనానికి ఆగితే కారు నీడలో పెట్టు.

ముందు రోజు సాయంత్రానికే చేరుకో. దారిలో కదిలి బీరులో కలిసిన అడుగు మడ్డి రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెడితే అడుక్కి దిగుతుంది. నీది గోధుమ బీరు కాబట్టి కొంచెం మబ్బుగా ఉన్నా ఎవరూ ఏమనరు.

కొరియర్ ఊసెత్తొద్దు. అమెరికా పోస్టులో మద్యం పంపడం నిషేధం, పెద్ద ప్రైవేటు కొరియర్లు లైసెన్సున్న వ్యాపారుల దగ్గరే తీసుకుంటాయి. ఎప్పుడైనా విమానంలో తేవాల్సొస్తే చెకిన్ పెట్టెలో పెట్టు. 24 శాతం ఆల్కహాల్ లోపు వాటికి భద్రతా వాళ్ల పరిమాణ పరిమితి లేదు, పెట్టె బరువే చూసుకోవాలి. చేతి సంచిలో మాత్రం 100 మిల్లీలీటర్లు దాటితే లాగేసుకుంటారు.

చిత్తూరు అక్క:
అన్న బీరు గురించి చెప్పాడు, నేను మనుషుల గురించి చెప్తా. మొదట, నీకు 21 నిండాయి కదా? ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకంతో దేశమంతటికీ అనుమతి వచ్చింది. ఇంట్లో వయసొచ్చినవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ ఉంటే 200. కానీ రాష్ట్రాలు తమ నియమాలు తాము పెట్టుకోవచ్చు. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. షార్లెట్ ఉన్న నార్త్ కరోలినా నియమం, నువ్వు దాటే రాష్ట్రాల నియమాలు ముందే చదువుకో.

అమ్మకూడదు. 'గ్లాసుకు రెండు డాలర్లు, ఖర్చులకు' అన్నా అమ్మినట్టే. మన పిక్నిక్‌కు రిజిస్ట్రేషన్ రుసుము ఉంది కదా, ఆ డబ్బుతో బీరును ముడిపెట్టొద్దని నిర్వాహకులతో ముందే మాట్లాడు. పార్కులో మద్యానికి పర్మిట్ ఉందో లేదో కూడా వాళ్లనే అడుగు, చాలా పార్కుల్లో ఒప్పుకోరు. తెరిచిన సీసా ఒక్కటి కూడా కారులో ఉండకూడదు. తాగి నడిపి అరెస్టయితే కోర్టు తీర్పుకు ముందే వీసా రద్దయ్యే వీలుంది నాయనా, తమాషా కాదు.

ఇంకోటి. సీసాల మీద పెద్దక్షరాలతో 'బీరు' అని రాసి అంటించు. మామిడి రంగులో చల్లగా ఉంటే పిల్లలు జ్యూస్ అనుకుంటారు. పోయినసారి ఒక పెద్దాయన కూడా అట్లే అనుకుని రెండు గ్లాసులు తాగేశాడు. భోజనమయ్యాక మళ్లీ అదే జ్యూస్ అడిగాడు.

కొలంబస్ తమ్ముడు:
థాంక్స్ అన్నా, అక్కా. కొలిచి చూశా, అంకె ఇంకా దిగుతా ఉంది. ఒక వారం ఆగుతా. డిసెంబర్‌లో తిరుపతి వస్తున్నా, అక్కడ మావాళ్లకు ఒక చిన్న బ్యాచ్ చేసి చూపించొచ్చా?

పుత్తూరు అన్న:
వద్దు. ఆంధ్రాలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఫోటోలు చూపించు, చాలు. ఆగస్టుకు ఓపెనర్లు రెండు తీసుకురా, పోయినసారి బెల్టు బకిల్‌తో తిప్పలు పడ్డాం.