పాత లెగో ఇటుకలు ఏ కాలానివో గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: ‘1949 నాటి అసలు లెగో’ అని పెట్టి అమ్ముతున్నారు. నమ్మొచ్చా? తయారీ ఏడు ఎలా పట్టాలి? డెన్మార్క్‌లోని బిలుండ్‌లో చెక్క బొమ్మలు చేసుకునే వడ్రంగి కుటుంబం ప్లాస్టిక్‌కి ఎప్పుడు మళ్లిందో కూడా చెప్పండి.

జవాబు 1: ముందు ఇటుకని తిరగేసి అడుగు చూడండి. 2×4 (పైన రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలున్న) ఇటుక అడుగున మూడు గొట్టాలుంటే అది 1958 తరవాతిదే. బోలుగా ఉండి, పొట్టి పక్కల్లో చీలికలుంటే మొదటి తరానిది. ఒంటి వరుస ఇటుకతో తేల్చకండి, దానిలో ఆ గొట్టానికి చోటే ఉండదు.

బోలు ఇటుకకి అంచు గోడలే ఆధారం, కాస్త కదిపితే ఊడొస్తుంది. గొట్టం వచ్చాక ఒక్కో బొడిపెకి మూడు చోట్ల పట్టు దొరికింది: మూల బొడిపెకి రెండు గోడలు, ఒక గొట్టం, మధ్యదానికి ఒక గోడ, రెండు గొట్టాలు. లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. బొడిపెల మధ్య దూరం 8 మి.మీ., ఐమూలగా 11.31. అందులోంచి బొడిపె వ్యాసం 4.8 తీసేస్తే 6.51. గొట్టం బయటి వ్యాసం సరిగ్గా అంతే. ఈ గొట్టాల ఇటుక పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. మార్చిలో వ్యవస్థాపకుడు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ పోయారు.

జవాబు 2: చెక్క సంగతి. 1932లో మొదలు, 1934లో ‘లెగో’ పేరు. 1942లో ఫ్యాక్టరీ కాలిపోయినా మళ్లీ చెక్కతోనే లేచారు. 1940లలోనే ప్లాస్టిక్ మోల్డింగ్ మెషీన్ కొన్నారు గానీ, చెక్కని పూర్తిగా వదిలింది 1960లో చెక్క బొమ్మల గోదాం తగలబడ్డాకే. దానితో ఓలే కొడుకులైన అన్నదమ్ములకి పొత్తు కుదరలేదు. ఇద్దరు బయటికెళ్లారు, కంపెనీ గాట్‌ఫ్రెడ్ ఒక్కడి చేతికొచ్చింది. వాటాలు మనవళ్ల మధ్య ముక్కలు కాకపోవడానికి అసలు కారణం ఇదేనని నా లెక్క. ఇప్పుడు 75 శాతం కుటుంబ సంస్థ కిర్క్‌బీది, 25 శాతం లెగో ఫౌండేషన్‌ది. నష్టాలొచ్చాక 2004లో సీఈఓ కుర్చీ మాత్రం బయటి మనిషికిచ్చారు.

జవాబు 3: ఇంకో మాట. ఇటుక ఆలోచన లెగోవాళ్ల సొంతం కాదు. బ్రిటన్‌లో హిలరీ పేజ్ చేసిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుక చూసి చేశారు. ఆ హక్కులు 1981లో కొన్నారు. కాబట్టి బోలుగా ఉన్నదల్లా లెగో కాదు.

ప్రశ్న వేసినవారు: వంగిపోయినవాటిని వేడి నీళ్లలో వేసి సరిచేయొచ్చా?

జవాబు 1: వద్దు. 1963కి ముందువి సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్, వేడికి, తేమకి వంగేది అదే. పాడవుతున్నదైతే వెనిగర్ వాసన కూడా కొడుతుంది. అలాంటిది గాలాడే చోట విడిగా పెట్టండి. ఆ తరవాతవి ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్, ఇవి గట్టివే. వాటినీ 40 డిగ్రీలు దాటని నీళ్లలో చేత్తోనే కడగాలి, నీడలో ఆరబెట్టాలి. హెయిర్ డ్రయర్ పెట్టారో, పట్టు పోతుంది.