భుజాలు తడుముకుంటే దొంగేనా?

ప్రశ్న: "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట" అంటాం కదండీ, భుజాలే ఎందుకు? మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను. (విజయవాడ)

జవాబు: అది బూడిద గుమ్మడికాయండీ. ముదిరిన కాయ మీద తెల్లటి బూడిద పట్టి ఉంటుంది. భుజాన మోస్తే చొక్కాకి అంటుకుంటుంది, దులిపినా చారలు మిగులుతాయి. దొంగ చెయ్యి అక్కడికే పోయింది.

నేను గుంటూరులో ప్లీడర్ని, అందుకే ఈ సామెత మీద ఇంకో మాట. అందులో దొంగ నోరు విప్పలేదు, తడుముకున్నాడంతే. చట్టం దీన్ని ప్రవర్తన అంటుంది, సాక్ష్యంగా చూస్తుంది (భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 6, పాత చట్టంలో 8). పోలీసులు రాకముందే పక్కింటివాళ్లతో "ఆ రాత్రి నేను ఊళ్లోనే లేను" అన్నవాడు ఊళ్లోనే ఉన్నాడని తేలితే, ఆ అబద్ధం విచారణలో మెడకు చుట్టుకుంటుంది. కానీ అదొక్కటే చాలదు. డబ్బిచ్చి కొని మోసుకొచ్చినవాడి భుజం మీదా అదే బూడిద! అమాయకుడూ భయంతో తడుముకుంటాడు.

పోలీసులకు చెప్పిన మాట లెక్క వేరు. పేపర్లో "నేరం ఒప్పుకున్నాడు" అని చదవగానే శిక్ష పడిపోయినట్టే మాట్లాడతాం. ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. దానివల్ల ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. దేశమంతా ఇందుకు ఉదహరించే తీర్పు మన గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లో ఉండే ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసుదే, 1946 డిసెంబరులో వచ్చింది. అందులో ఒక నిందితుడు కాపుకాసి కొట్టి చంపామన్నాడు, బల్లెం, కర్ర గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తానన్నాడు. గడ్డివామి మాట నిలిచింది. చంపామన్న మాట పక్కన పెట్టేశారు.

ప్రశ్న: మరి వాంగ్మూలం, ఒప్పుకోలు ఒకటి కావాండీ?

జవాబు: కావండీ. సాక్షి చెప్పినా, నిందితుడు చెప్పినా వాంగ్మూలమే. కొన ఊపిరితో చెప్పింది మరణ వాంగ్మూలం. నేరం నేనే చేశానంటేనే ఒప్పుకోలు. మన గ్రూపులో విలేకరులుంటే నాదో మనవి: "ఒప్పుకున్నాడు" అని రాయకండి, "ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు" అని రాయండి.