కప్పులో చచ్చిన లార్వా కాలువలోనూ చస్తుందా?

వరంగల్_కెమ్: మా ల్యాబ్‌లో తయారుచేసిన కొత్త కాంపౌండ్లను క్యూలెక్స్ దోమ లార్వాల మీద పరీక్షిస్తున్నాం. కప్పుకి 100 మి.లీ. నీళ్లు, 25 లార్వాలు, 24 గంటల తర్వాత లెక్క. రెండు బాగా పనిచేశాయి. ఇదంతా దండగ పరిశోధన అని మొన్న ఒకాయన తేల్చేశారు. మీరేమంటారు?

కాలువగట్టు: దండగ అనను గానీ, పేపర్ అచ్చయ్యాక ఆ కాంపౌండ్ మొహం ఎవరూ చూడరు. నేను మున్సిపాలిటీ మలేరియా విభాగంలో చేస్తాను. మా చేతికొచ్చేది ఇప్పటికీ లార్వాలను చంపే టెమిఫాస్ మందు, బీటీఐ అనే బ్యాక్టీరియా మందు, నూనెలో నానబెట్టి నీళ్లలో వేసే ఆయిల్ బాల్సే. మీ కప్పులో ఉండేది శుభ్రమైన నీళ్లు. మా మురుగులో వేస్తే మందు బురదకే అంటుకుపోతుంది.

వరంగల్_కెమ్: అన్నా, టెమిఫాస్ 1960ల నాటి మందు. బ్రెజిల్‌లో డెంగీ తెచ్చే ఈడిస్ దోమలు దానికి లొంగడం ఎప్పుడో తగ్గిపోయింది. కొత్తవి వెతక్కపోతే రేపు ఏం చల్లుతారు?

జువాలజీ_మేడమ్: వెతకండి, కానీ సరిగ్గా వెతకండి. లార్వా మెడ దగ్గరో, గాలి గొట్టం దగ్గరో సూదితో తాకినా కదలకపోతేనే చచ్చినట్టు. నీళ్ల పైకి రాలేక కొట్టుకుంటున్నవాటినీ చావుల్లోనే కలపాలి. మందు కరిగించిన అసిటోన్, మందు వేయని కంట్రోల్ కప్పులోనూ అంతే పడాలి. అక్కడ 20 శాతం మించి చస్తే పరీక్ష మొత్తం పారబోయాల్సిందే. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఆ 24 గంటల లెక్క. పైరిప్రాక్సిఫెన్ మందు‌ని మీ కప్పులో వేస్తే ఫెయిలవుతుంది! అది లార్వాను వెంటనే చంపదు, లార్వా తర్వాతి దశైన ప్యూపా నుంచి దోమను బయటకు రానివ్వదు. మీరు పక్కన పెట్టేసిన సీసాల్లో అలాంటిది ఉందేమో ఎవరికి తెలుసు?

నీటిబొట్టు: అసలు మందులెందుకండీ? శుక్రవారం నిల్వ నీళ్లన్నీ పారబోసే డ్రై డే పాటించి, లార్వాలను తినే గంబూసియా చేపలు వదిలితే చాలదా?

కాలువగట్టు: నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో డ్రమ్ము బోర్లించమంటే జనం మమ్మల్నే తరుముతారు. గంబూసియా అయితే కప్పల పిల్లల్నీ, మన చేపపిల్లల్నీ కూడా మింగేస్తుంది.

వరంగల్_కెమ్: మేడమ్, ప్యూపా దాకా ఆగాలంటే లార్వాలకు మేత వేయాలి, రోజుల తరబడి కాపలా కాయాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో అదెవరు చేస్తారు?

జువాలజీ_మేడమ్: మొదటి రోజే మా డిపార్ట్‌మెంట్ తలుపు కొడితే మేం చేస్తాం. పేపర్ రాసేటప్పుడు చివరి పేరుగా ఇరికించడానికి మాత్రం పిలవకండి.

కాలువగట్టు: కాలువ నీళ్లు ఒక క్యాన్ నేను పంపిస్తా. అందులో చంపి చూపించండి.

వరంగల్_కెమ్: పంపండి. అవసరమైతే మోతాదు పెంచుతాం.

జువాలజీ_మేడమ్: పెంచేముందు గప్పీ చేపల మీదా, తూనీగ పిల్లల మీదా వేసి చూడండి. తాగే నీళ్లలో టెమిఫాస్‌కి లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదన్న గీత ఉంది. మీ కాంపౌండ్లు ఎంత మోతాదులో చంపాయో ఇంతవరకు చెప్పనేలేదు.