ప్రాణం పోశాడా, ప్రాణం పోయిందా? ఒక నగాష్ బొమ్మ తెచ్చిన తగువు

మొదటి పోస్టు

గుంపులోని పెద్దలకు నమస్కారం. నాలుగు నెలలుగా రాత్రిపూట కూర్చుని ఒక బొమ్మకి రంగులేస్తున్నాను. పేరు నగాష్. వార్‌హామర్ అని బల్ల మీద ఆడే యుద్ధపు ఆట ఉంది, అందులో పాత్ర. 2014లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ ఇది. ఆ ఆటలో మామూలు సిపాయి బొటనవేలంత ఉంటాడు. వీడు అరచేతిలో పట్టడు.

మొన్న ఆదివారం మా అమ్మ చూసి "బొమ్మకి ప్రాణం పోశావురా" అంది. పక్కనే ఉన్న మా ఏడేళ్ల పాప బిక్కమొహం పెట్టి "బొమ్మ చచ్చిపోయిందా నాన్నా?" అని అడిగింది. పక్కింటి కుక్కకి ప్రాణం పోయిందని ఆ ముందు వారమే విన్నది మరి. అప్పటికి నవ్వేశాం గానీ, ఆలోచిస్తే తప్పు పాపది కాదనిపించింది. ఈ రెండూ ఒకే క్రియా, వేర్వేరా?

రెండో ప్రశ్న. ఈ నగాష్ చచ్చినవాళ్లని లేపే మాంత్రికుడు. వాడు చేసే పనిని "ప్రాణం పోయడం" అనొచ్చా? వాడి కథ తెలుగులో రాసి పాపచేత చదివిద్దామని కూర్చుంటే ఈ మాట దగ్గరే పెన్ను ఆగిపోయింది.

తెనాలి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు

వేర్వేరు బాబూ. పోవు అకర్మకం, పోయు సకర్మకం. ప్రాణం తనంతట తాను పోతుంది. పోయాలంటే మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. పోతాడు, పోయాడు, పోయి, పోకు అన్నవి పోవుకి. పోస్తాడు, పోశాడు, పోసి, పోయకు అన్నవి పోయుకి. పాపకి ఇలా చెప్పు: జరిగిపోయిన సంగతిలో స గానీ శ గానీ వినబడితే పోసినట్టు, య వినబడితే పోయినట్టు. "పోయాలి", "పోయలేదు" దగ్గర ఈ చిట్కా చెల్లదు. అవి పోయు రూపాలే, పోవుకి "పోవాలి", "పోలేదు" ఉన్నాయి. ఏడేళ్ల పిల్లకి ఆ మాత్రం చాలు.

కరీంనగర్ నుంచి

మా దిక్కు పానం అంటం. "పానం పోసిండు", "పానం పోయింది", తేడా తెలుస్తనే ఉంటది. ఇంకోటి, మాకు పానం అంటే ఒంటి ఆరోగ్యం కూడా. "పానం మంచిగ లేదు" అంటే జ్వరమో ఏదో వచ్చినట్టు. పోయేంత ఏం కాదు!

నెల్లూరు నుంచి, ఒక గృహిణి

పోయడం అంటే నాకు ముందు పెనమే గుర్తొస్తుంది, అట్లు పోస్తాం కదా. పిల్లలకి నీళ్లు పోస్తాం. కడుపుతో ఉన్న పిల్లని మా వైపు "నీళ్లోసుకుంది" అంటారు. మా నాయనమ్మ ఊరంతటికీ పురుళ్లు పోసేది. ఆఖర్న పోయే ప్రాణానికి గొంతులో తులసి తీర్థం పోస్తారు. పుట్టకముందు నుంచి పోయేదాకా ఎవరో ఒకరు మనకి ఏదో ఒకటి పోస్తూనే ఉన్నారు. అదలా ఉంచి, నాలుగు నెలలు ఒక్క బొమ్మకా తమ్ముడూ? మీ ఆవిడ ఏమీ అనదా?

హైదరాబాద్ నుంచి, బొమ్మల పిచ్చి ఉన్న ఇంకొకడు

అన్నా, అసలు మాట మర్చిపోతున్నారు. "పోత". నీ బొమ్మే పోత బొమ్మ. దాన్ని చేసే కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్‌ది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్. కరిగిన పాలీస్టైరీన్‌ని ఒత్తిడితో ఉక్కు అచ్చుల్లోకి పంపిస్తారు. పోత విగ్రహం అనే మాట మనకి ఎప్పటినుంచో ఉంది కదా. ఆదిలాబాద్ ఓజ కళాకారులు డోక్రా బొమ్మ చేసేటప్పుడు ముందు మైనంతో రూపం చేసి, మట్టి కప్పి, కాల్చి మైనం పోగొట్టి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఒకటి పోతేనే ఇంకొకటి పోయడం! మాస్టారి రెండు క్రియలూ ఒకే కొలిమి దగ్గర కలిశాయి.

కొండపల్లి బొమ్మ మాత్రం పోత కాదు, తెల్లపొణికి కర్రని చెక్కుతారు. అయితే చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. నగాష్ కూడా ముక్కలే. అతుకులు కనబడకుండా ఏం పెట్టావు?

మళ్లీ నేను

అక్కా, మా ఆవిడ అనాల్సినవన్నీ అనేసింది. తమ్ముడూ, అతుకులకి పుట్టీ పెట్టి, ఎండాక గీకాను. వీపు దగ్గర ఒకటి ఇప్పటికీ కనబడుతోంది, ఆ వైపు గోడకి తిప్పి పెట్టాను.

ఇంతకీ మీరు పోయడం గురించి ఇంత చెప్పాక నా చేతి పని చూసుకుంటే, నేను రంగు ఎక్కడా పోయలేదు. మొదట నల్ల ప్రైమర్ స్ప్రే కొట్టాను. కవచానికి పల్చటి రంగు రెండుసార్లు పూశాను. ఒక్కసారే మందంగా పూస్తే ఎముకల మీద చెక్కడం పూడుకుపోతుంది. ఎముకలకి ముందు దంతపు రంగు వేసి, దాని మీద నీళ్లలాంటి గోధుమ రంగు వదిలాను, అదే వాష్. అది పక్కటెముకల సందుల్లోకి తనే పారి అక్కడ నీడలా నిలిచిపోతుంది. పోయడానికి దగ్గరగా వచ్చింది ఆ ఒక్క పనే. తర్వాత కుంచెని టిష్యూ మీద దాదాపు పొడిగా తుడిచి అంచుల మీద విదిలించినట్టు ఆడిస్తే, ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుకుంటుంది. వాడు నేల మీద నిలబడడు, సుడి తిరిగే ఆత్మల మీద తేలుతుంటాడు. ఆ ఆత్మలకి తెల్లరంగు వేసి పల్చటి ఆకుపచ్చ పట్టించాను.

చివర కళ్లు. పుర్రెకి కనుగుడ్లేవీ? గుంటల్లో ముదురు ఆకుపచ్చ, దాని మీద లేత ఆకుపచ్చ, నడిమధ్య దాదాపు తెల్లగా ఒక్క చుక్క. ఆ చుక్క పెట్టిన సాయంత్రమే అమ్మ ఆ మాట అన్నది. అంతకుముందు నాలుగు నెలలూ రోజూ చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

తెనాలి మాస్టారు

కళ్లు పెట్టాకే అనడంలో వింత లేదు. విగ్రహాలకి కూడా కళ్లు తెరిపించే తంతు ఉంది. సరే, వాడి కథేమిటో చెప్పు, అప్పుడు గానీ రెండో ప్రశ్న తేలదు.

నేను

చిన్నగా చెప్తాను మాస్టారూ. ఈజిప్టు పోలికతో అల్లిన నెహెకారా అనే ఊహాదేశం. అందులో ఖెమ్రీ రాజధాని. అక్కడి ఆచారం ప్రకారం రాజుగారి పెద్దకొడుకు పూజారి కావాలి, గద్దె తమ్ముడిది. నగాష్‌కి అది మింగుడు పడలేదు. బందీలుగా దొరికిన ఎల్ఫులనే దుష్ట మాయజాతి వాళ్ల దగ్గర క్షుద్రవిద్య నేర్చుకున్నాడు. తమ్ముడు థుటెప్‌ని పిరమిడ్‌లో బతికుండగానే పూడ్చిపెట్టి రాజయ్యాడు. మనుషుల రక్తంతో కాచిన రసాయనం తాగి ఆయుష్షు పెంచుకున్నాడు. చుట్టుపక్కల రాజులంతా ఏకమై తరిమేస్తే, ఎక్కడో కొండలో దాక్కుని, పగ చల్లారక నదుల్లో విషం కలిపి దేశం దేశాన్నే చంపాడు. ఆ చచ్చినవాళ్లందరినీ తన బంటులుగా లేపాలని పెద్ద క్రతువు మొదలుపెట్టాడు. అది జరుగుతుండగా, వాడు చెరలో పెట్టిన రాజు అల్కాదిజార్‌ని ఎలుక మనుషులు విడిపించి చేతికి కత్తి ఇచ్చారు. అతను వాడిని నరికేశాడు.

క్రతువు మాత్రం పారింది. సమాధుల్లో ఉన్న పాత రాజులు లేచారు. బంగారు ఒళ్లతో స్వర్గంలో లేస్తామని నమ్మి పడుకున్న సెట్రా చక్రవర్తి కళ్లు తెరిచి చూసుకుంటే, ఒంటి మీద చివికిపోయిన గుడ్డపేలికలు. వాళ్లు నగాష్‌కి బంటులు కాలేదు సరికదా, పగవాళ్లయ్యారు.

తెనాలి మాస్టారు

అయితే వాడు ప్రాణం పోయలేదు, శవాన్ని లేపాడంతే. మనకీ భేతాళుడున్నాడు కదా. శవంలో దూరతాడు, కథ కూడా చెబుతాడు. ఆ శవానికి ప్రాణం వచ్చిందని మాత్రం ఎవరూ అనరు. నువ్వు "లేపాడు" అనే రాయి.

నెల్లూరు అక్క

ఈ కథ విన్నాక నాకు తట్టిన మాట వేరే. వాడు అందరి ఉసురూ పోసుకున్నాడు. ప్రాణం పోస్తే పుణ్యం, ఉసురు పోసుకుంటే పాపం. క్రియ ఒక్కటే చూడండి.

అనంతపురం నుంచి

అక్క మాట బాగుంది. మా పక్కన కన్నడంలో ఉసిరు అంటే ఊపిరే, తిట్టు గిట్టు ఏమీ లేదు. తమిళంలో ఉయిర్ అంటే ప్రాణం. మనకీ ఉసురంటే ప్రాణమే. ఏడిపించినవాడిని అది వదలదని మన నమ్మకం కాబట్టి, ఇప్పుడు ఆ మాట వింటేనే శాపంలా ఉంటుంది. "పోసుకోవడం"లో "కొను" ఉందే, అది గమనించండి. ఎదుటివాళ్ల ప్రాణం తెచ్చి తన నెత్తిన తనే పోసుకోవడం అన్నమాట.

నేను

అక్కా, నిన్న రాత్రే రాసేశాను: "నగాష్ ఒక్కరికీ ప్రాణం పోయలేదు. దేశమంతటి ఉసురూ పోసుకున్నాడు." అమ్మకి చదివి వినిపిస్తే రెండో వాక్యం కొట్టేయమంది. దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఆ మాట అనకూడదట, అందులోనూ పసిపిల్ల చదివే కాగితం మీద! కొట్టేశాను. మాస్టారు చెప్పినట్టు "చచ్చినవాళ్లందరినీ లేపేశాడు" అని మార్చాను.

హైదరాబాద్ తమ్ముడు

అన్నా, "లేపేశాడు" అంటే మా గల్లీలో చంపేశాడని!

నేను

దేవుడా. సరే, "లేపాడు". ఏశాడు తీసేశాను.