అప్‌డేట్: 60 మందికి ఉగాది పచ్చడి, ఇద్దరికీ కింది బెర్తులు

మా అపార్ట్‌మెంట్‌లో 60 మందికి ఉగాది పచ్చడి కొలతలు, పండగయ్యాక మనవల దగ్గరికి వెళ్లేందుకు మా ఇద్దరికీ కింది బెర్తులు ఎలా అని అడిగాను కదా. తేలిన లెక్క ఇదీ.

కొత్త చింతపండు పావుకిలో, బెల్లం 800 గ్రాములు, నీళ్లు రెండుంపావు లీటర్లు, మధ్యరకం మామిడికాయలు నాలుగు, వేపపువ్వు నాలుగు పెద్ద చెంచాలు. ఉప్పు, కారం రుచిని బట్టి. మనిషికి 50 మిల్లీలీటర్ల చిన్న కప్పు వస్తుంది.

బెల్లాన్ని పులుసులో కరిగించి వడకట్టాల్సిందే, లేకపోతే అడుగున ఇసుక. పాత చింతపండైతే పచ్చడి నల్లగా ఉంటుంది. అసలు చిక్కంతా వేపపువ్వుతోనే. కాడలు, ఆకులు ఏరేసి, రేకులు మాత్రం పంచే ముందు కలపాలి. తెల్లవారుజామునే కలిపేస్తే పది గంటలకల్లా చేదు పులుసంతా దిగుతుంది, పిల్లలు ముట్టరు. అరటిపండు వేసేవాళ్లు అదీ చివర్లోనే, ముందే కోస్తే నల్లబడుతుంది.

ఇక రైలు సంగతి. బుకింగ్‌లో జనరల్ కోటా వదిలి లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్ కోటా ఎంచుకోవాలి. మగవారికి 60, ఆడవారికి 45 ఏళ్లు ఉండాలి. టికెట్‌పై ఒకరు, లేదంటే ఇద్దరే. మనవడి పేరు కూడా అందులోనే చేర్చబోతే ఈ కోటా వర్తించదు, వాడికి వేరే టికెట్ తీయాలి. ఇది బెర్తు కోసమే, ఛార్జీ తగ్గదు.