10×10 గదిలో స్టీరియో: 100 వాట్ల యాంప్ కొనమంటున్నారు, నిజమేనా?

మియాపూర్_శ్రోత:
అందరికీ నమస్తే. మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. రెండో బెడ్రూంలో పాటలు వినడానికి ఓ మూల ఏర్పాటు చేసుకున్నా. టేపు పెట్టి కొలిస్తే 10 అడుగులకి 10 అడుగులు, సీలింగూ ఇంచుమించు అంతే ఎత్తు. ఒక సింగిల్ కాట్, కంప్యూటర్ టేబుల్, పెళ్ళికి మా అత్తగారిచ్చిన ఇనప బీరువా ఉన్నాయి. కింద టైల్స్. కర్టెన్ ఒకటే, అదీ పలచన.

పోయిన దసరాకి ఒకాయన ఊరు మారుతూ అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్‌లో టవర్ స్పీకర్లు తెచ్చుకున్నా. నా నడుము దాటి ఉంటాయి, ఒక్కోదాంట్లో 8 అంగుళాల వూఫర్లు (బేస్ పలికేవి) రెండు. వాళ్ళ హాల్లో విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. మా గదికి తెచ్చాక మృదంగం కాస్తా ఖాళీ డ్రమ్ము మీద బాదినట్టు తయారైంది. విచిత్రమేంటంటే, గది మధ్యలో కుర్చీ వేసుకుంటే బేసే ఉండదు. మంచం మీద గోడకి ఆనుకుంటే కడుపులో మోగుతుంది. అదీ అన్ని స్వరాలకీ కాదు, బేస్ గిటార్ ఏదో ఒక్క స్వరానికి దిగినప్పుడే గుప్పున లేస్తుంది.

షాపులో అడిగితే "మీ యాంప్‌లో దమ్ము లేదు సార్, 100 వాట్లది తీసుకోండి" అన్నాడు. టవర్లు అమ్మేస్తే వచ్చేదీ కలిపి నా దగ్గర 45 వేలుంటాయి. వినేది పాత తెలుగు పాటలు, కర్ణాటక సంగీతం. అదీ రాత్రి 10 దాటాకే, పక్క గదిలో పాప పడుకుంటుంది. ముందు యాంప్ మార్చనా, స్పీకర్లు మార్చనా?

నైట్‌షిఫ్ట్:
పాప పడుకున్నాక వినేవాడికి స్పీకర్లెందుకు భయ్యా? మంచి హెడ్‌ఫోన్ కొనుక్కో, మిగిలిన డబ్బుతో ఏసీ పెట్టించు.

పాతమెకానిక్:
బాబూ, ఆ హెడ్‌ఫోన్ సలహా మరీ కొట్టిపారేసేది కాదు. కానీ నువ్వడిగింది అది కాదుగా. నేను తెనాలిలో ముప్ఫై ఏళ్ళపాటు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేశాను. టీబీఏ810 ఐసీతో ఇంట్లోనే యాంప్లిఫయర్ కట్టుకున్న రోజుల్నించీ చూస్తున్నా, "మోత ఎక్కువగా ఉందండీ" అని వచ్చినవాళ్ళలో సగంమంది స్పీకర్ డబ్బాల్ని మూలకి తోసినవాళ్ళే. నీ రోగం యాంప్‌ది కాదు, గదిది.

లెక్క చూడు. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది. నీ గది 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం తరంగం ఇమిడే స్వరం దగ్గర గదే మోగడం మొదలెడుతుంది. 343ని 6.1 పెట్టి భాగించు, 56 హెర్ట్జ్ వస్తుంది. మామూలు గదికి ఇలాంటి స్వరాలు పొడవుకొకటి, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి వేరువేరు చోట్ల పడతాయి. నీది పాచిక లాంటి గది, మూడూ పోయి 56 మీదే కూర్చున్నాయి. గుప్పున లేస్తోందన్న స్వరం అదే. ఈ మోత గోడల దగ్గర ఎక్కువ, నడిమధ్యన దాదాపు సున్నా. కుర్చీలో బేస్ మాయమవడం, మంచం మీద కడుపులో మోగడం, రెండూ అందుకే. ఆ 8 అంగుళాల వూఫర్లు ఆ స్వరాన్ని శుభ్రంగా పలికిస్తాయి, మిగతాది గది చూసుకుంటుంది. 100 వాట్ల యాంప్ కొంటే వచ్చేది ఇదే మోత, ఇంకాస్త గట్టిగా.

అసలు వాట్ల సంగతి చెబుతా. స్పీకర్ మీద 86 డెసిబెల్స్ అని రాసుంటే ఒక్క వాటుకి మీటరు దూరంలో అంత శబ్దం అని అర్థం. నువ్వు కూర్చునేది రెండు మీటర్ల లోపు. పక్క గదిలో పిల్ల పడుకున్నప్పుడు నువ్వు వాడేది ఒక్క వాటు కూడా ఉండదు. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు క్షణంపాటు పది, ఇరవై కావాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగిందే" అనిపిస్తుందంతే. వెనకటికి టేపురికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠం అట) అని వెయ్యి వాట్లు రాసేవాళ్ళు, విప్పితే ఐసీ పదికి మించి ఇచ్చేది కాదు. ఇప్పుడు టీపీఏ3255 చిప్పు పెట్టిన అరచేతి యాంపుల మీద 300 ప్లస్ 300 అంటున్నారు. ఇచ్చే అడాప్టరేమో 32 వోల్టులు, 5 ఆంపియర్లు. గుణిస్తే 160 వాట్లు. పోసిందే 160 అయితే 600 ఎక్కణ్ణుంచి వస్తాయి? అయినా నీ గదికి అదే ఎక్కువ, అది వేరే మాట.

కాబట్టి డబ్బులో పెద్ద ముక్క స్పీకర్లకి పెట్టు. 5 అంగుళాల వూఫరున్న చిన్న బుక్‌షెల్ఫ్ జత చాలు. గోడకి దగ్గరగా పెట్టక తప్పదు కాబట్టి గాలి రంధ్రం ముందువైపు ఉన్నవైతే నయం. ఎలాక్ డెబ్యూట్ బీ5.2 అలాంటిదే, 86 డెసిబెల్స్, 6 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు). వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 కూడా మంచిదే కానీ దానికి రంధ్రం వెనకుంది. అందులో స్పాంజి కుక్కితే బేస్ తగ్గుతుంది. నేను పాత సాక్సు కుక్కుతా, పనిచేస్తుంది.

ఇక ఖర్చు లేని పని. స్పీకర్లని టేబుల్ మీద పెట్టొద్దు, టేబుల్ చెక్కా పాడుతుంది. వెల్డింగ్ షాపులో 26 అంగుళాల స్టాండ్లు చేయించి గొట్టాల్లో ఇసుక పోయించు. సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ నీ చెవి ఎత్తుకి రావాలి. రెంటి మధ్య ఐదున్నర అడుగులు, పక్క గోడలకి రెండడుగులు. కుర్చీని నడిమధ్య నుంచి వెనక్కి లాగి, వెనక గోడకి మూడున్నర అడుగుల్లో వెయ్యి. మంచం నీ వెనకే ఉండనీ, దూది పరుపు ఎంతో కొంత పీల్చుకుంటుంది. స్పీకర్లకీ నీకూ మధ్య నేల మీద మందపాటి బొంత పరువు. తర్వాత పక్క గోడ మీద ఎవరిచేతైనా అద్దం జరిపిస్తూ కుర్చీలోంచి చూడు, స్పీకర్ కనబడ్డ చోటల్లా గోడకి ఏదో ఒకటి మెత్తగా తగిలించు.

వైరుకి వేలు తగలేయకు. కరెంటు పనివాళ్ళు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మూణ్ణాలుగు మీటర్లకి బ్రహ్మాండం.

వీణ_విశాఖ:
మెకానిక్ గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్క విషయం కలుపుతాను, రాత్రిపూట వినేవాళ్ళకి ఇదే ముఖ్యం. చవక యాంపుల్లో వాల్యూం నాబ్ బాగా తగ్గించినప్పుడు రెండు వైపులా సమానంగా రాదు. నేను ముందు కొన్నదాంట్లో పదింటి తర్వాత నాబ్ తగ్గిస్తే వీణ మొత్తం ఎడమవైపుకి జరిగిపోయేది. నా చెవికే ఏదో అయిందనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చానండీ. షాపులో గట్టిగా పెట్టి వినిపిస్తారు, మీరు మాత్రం గుసగుసంత తగ్గించి వినండి. పాత మోనో పాట పెట్టండి. రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్య గాల్లోంచి వినబడాలి. పక్కకి జరిగిందంటే ఆ యాంప్ మీకొద్దు.

ఇంకోటి, మీ ఇన్వర్టర్ చవకరకం స్క్వేర్ వేవ్‌దైతే, కరెంటు పోయినప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ గుయ్‌మంటుంది. అది యాంప్ తప్పు కాదు.

మియాపూర్_శ్రోత:
మూడు వారాలైంది, సంగతి చెప్పకపోతే బాగోదు. ఎలాక్‌లే కొన్నాను. యాంప్ డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, 8 ఓమ్స్‌కి 45 వాట్లు. వీణ గారూ, అమ్మే ఆయనింట్లో మోనో పాట పెట్టి నాబ్ తగ్గిస్తూ కూర్చుంటే ఆయన నన్నదోలా చూశాడు. గొంతు మాత్రం మధ్యలోంచి కదల్లేదు.

కుర్చీ మూడున్నర అడుగుల్లో వేశాక మొదటిసారి మృదంగానికి రెండు వైపులున్నాయని తెలిసింది. 56 దగ్గర ఇంకా కాస్త ఉబ్బుంది కానీ భరించేంతే. అయితే కొత్తగా ఏదో జుయ్‌మని మోగేది. ట్వీటర్ పోయిందనుకున్నా. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి 40 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే 112 దగ్గర పట్టుబడింది.

పాతమెకానిక్:
56కి రెట్టింపు, గది అక్కడా మోగుతుంది. బీరువా మీద ఏం పెట్టావు?

మియాపూర్_శ్రోత:
ఇత్తడి బిందె, దానిమీద మూత! మూత కింద తువ్వాలు పెట్టాను, బీరువా తలుపు సందులో పేపరు మడిచి దోపాను, తాళంచెవుల గుత్తి తీసేశాను. ఇప్పుడు నిశ్శబ్దం. టవర్లు మాత్రం ఇంకా అమ్ముడుపోలేదు. హాల్లో ఉన్నాయి, మా ఆవిడ వాటిమీద మనీప్లాంట్ కుండీలు పెట్టింది. ఎవరికైనా పెద్ద హాలుంటే చెప్పండి, కుండీలు లేకుండానే ఇస్తాను.