అప్‌డేట్: చెల్లో అమ్మలేదు

అందరికీ నమస్కారం. కుడి భుజం నొప్పితో కచేరీలు మానేశాను, యోగా క్లాసులతోనే ఇల్లు గడుస్తోంది, పదహారేళ్లు వాయించిన చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) అమ్మేయనా అని ఎనిమిది నెలల క్రితం అడిగాను. ‘ముందు భుజం సంగతి చూసుకో అక్కా, బేరం తర్వాత’ అని ఒకరు రాశారు. ఆ మాటే ఆపింది.

ఫిజియోథెరపీలో అసలు విషయం తేలింది. బో (వాయించే కమాను) సన్న తీగ మీదికి వెళ్లినప్పుడల్లా భుజాన్ని చెవిదాకా ఎత్తేస్తున్నానట. ఇన్నేళ్లూ గమనించుకోనందుకు చాలా బాధేసింది. ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు వేళ్లతో నొక్కకుండా ఖాళీ తీగలే వాయిస్తాను. శ్వాస వదులుతూ ఒక బో, తీసుకుంటూ ఒక బో. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ రాత్రి నిద్ర పడుతోంది.

ఇంకో సంగతి. చెల్లోలో లావు తీగలు రెండూ సి, జి. మన సా, పా లాగే వాటి మధ్య పంచమం దూరం. పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఉదయం బ్యాచ్ శవాసనంలో ఉన్నప్పుడు వాటిని తంబురాలా మెల్లగా మోగించాను. అయిపోయాక ఒక మామ్మగారు లేవలేదు. కంగారుపడి దగ్గరికెళ్తే కళ్లు తుడుచుకుంటూ, ‘ఇంకాసేపు వాయించమ్మా’ అన్నారు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆర్కెస్ట్రాకి మళ్లీ వెళ్లను. అమ్మకి డబ్బు టెన్షన్ అలాగే ఉంది. ఏప్రిల్ ఎండలకి చెల్లో తీగలు బిగించే బిరడలు జారిపోయి రోజూ శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది.

ఆదివారాలు తొమ్మిదేళ్ల పాప నేర్చుకోవడానికి వస్తోంది. సికింద్రాబాద్ వైపు హాఫ్ సైజ్ చెల్లో అద్దెకి దొరికితే చెప్పండి.